కరకరమన్నాకే దిగాలి

మా కారు బయటికి తీసినప్పుడల్లా ఒక చప్పుడు చేసేది. "ఠక్" అని, మిక్సీ జార్లో చెంచా పడ్డట్టు. 'పి' లోంచి 'ఆర్' లోకి గేరు లాగగానే వచ్చేది. గేటు తియ్యడానికి వెళ్ళి నిలబడ్డ నాకు కూడా వినబడేది. "ఏంటండీ ఆ చప్పుడు?" అంటే, "ఆటోమేటిక్ బళ్ళన్నీ అంతేలే" అనేవారు మావారు. ఆయన పాతికేళ్ళుగా కారు నడుపుతున్నారు. నేను చదివింది బి.ఏ. తెలుగు. ఇంకేం మాట్లాడతాను?

ఆ చప్పుడు సంగతీ, దానివల్ల మా అత్తయ్యగారు నెల్లాళ్ళు నా కారెక్కనన్న సంగతీ ఈ రోజు చెప్పాలనుకుంటున్నాను. మీలో ఆటోమేటిక్ కారు నడిపేవాళ్ళుంటే మాత్రం స్టవ్ కట్టేసి వచ్చి చదవండి.

ముందు కారు కథ. మావారికి ఎడమ మోకాలు నొప్పి మొదలైంది. ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఇంటికొచ్చేసరికి కాలు పట్టేసేది. దాంతో పాత కారు ఇచ్చేసి, సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కొన్నాం. "ఇందులో రెండే పెడళ్ళు. నువ్వు కూడా నేర్చుకోవచ్చు" అన్నారు. బాబు కాకినాడలో ఇంజనీరింగ్‌లో చేరాడు, మధ్యాహ్నాలు నాకూ కాస్త తీరిక దొరికింది. నలభై నాలుగేళ్ళ వయసులో, ఎల్ బోర్డు పెట్టుకుని, పక్కింటి పిల్లల ముందు సిగ్గుపడుతూ నేర్చుకున్నాను. డ్రైవింగ్ స్కూల్లో నేర్పింది గేర్ల బండి. ఇంటి కారు మీద మావారే గురువు. ఆపడం ఎలాగో ఆయన నేర్పిన పాఠం ఒక్క ముక్కలో అయిపోయింది. "బ్రేకు తొక్కు, పి లో పెట్టు, ఆఫ్ చెయ్యి. అంతే."

మరి ఈ హ్యాండ్ బ్రేకు ఎందుకు? "అది ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు." సరే అనుకున్నాను. ఆ రోజు నుంచీ మా కార్లో హ్యాండ్ బ్రేకు పని ఒకటే, నా హ్యాండ్ బ్యాగు తగిలించుకోవడం.

నేను కాస్త ధైర్యంగా బండి తిప్పుతున్న రోజుల్లోనే అత్తయ్యగారు బాత్రూమ్‌లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి మళ్ళీ వాకర్ పట్టుకుని నిలబడటానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ, మధ్యాహ్నం మూడింటికి. మావారు ఆఫీసులో ఉంటారు. ఆటోలోకి ఆవిడ కాలెత్తి ఎక్కలేరు. కాబట్టి తీసుకెళ్ళేది నేనే. చెప్పొద్దూ, లోపల గర్వంగానే ఉండేది. పెళ్ళైన కొత్తలో నేను పాలు కాయడం కూడా నమ్మని అత్తయ్యగారు, ఇప్పుడు నా పక్కన బెల్టు పెట్టుకుని కూర్చుని "మెల్లగా పోనీ అమ్మాయ్" అంటుంటే బాగుండేది.

విశాఖపట్నంలో ఉండేవాళ్ళకి ఇక్కడి వీధుల గురించి చెప్పక్కర్లేదు. కొండకీ సముద్రానికీ మధ్య ఉన్న ఊరు. ఒక వీధి ఎక్కితే ఇంకో వీధి దిగాలి. ఆ ఫిజియోథెరపీ వాళ్ళది కూడా అలాంటి ఎత్తు వీధే. కారు ముక్కు పైకి ఉండేలా ఎడమ పక్కన ఆపుతాను. ఆవిడ అటువైపు దిగుతారు.

ఆ రోజు కూడా అలాగే ఆపాను. బ్రేకు తొక్కాను, పి లో పెట్టాను, ఇంజన్ కట్టేశాను. కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. అత్తయ్యగారు అప్పటికే తలుపు తీసి, బాగున్న కాలు కింద పెట్టారు. వెనక సీట్లో ఉన్న వాకర్ తెచ్చిద్దామని నేను బ్రేకు మీంచి కాలు తీశాను.

కారు వెనక్కి జరిగింది. ఎంతో కాదు, జానెడు కూడా ఉండదు. జరిగి, "ఠక్"మని కుదుపుతో ఆగిపోయింది. కానీ ఒక కాలు నేల మీద, ఒక కాలు కార్లో ఉన్న మనిషికి ఆ జానెడు చాలదా? ఆవిడ "అమ్మో" అని వెనక్కి, సీటు మీదకే పడ్డారు. ముందుకి పడి ఉంటే? తలుపు అంచు తగిలి ఉంటే? ఆపరేషనైన తుంటి మీదే పడి ఉంటే? నా చేతులు వణికాయి. ఆవిడ ముఖం పాలిపోయింది. దెబ్బేమీ తగల్లేదు. ఒక గాజు మాత్రం చిట్లింది.

ఇంటికొచ్చేదాకా ఆవిడ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. రాత్రి భోజనాల దగ్గర మావారితో అన్నారు, "రేపట్నుంచి నువ్వు సెలవు పెట్టగలిగిన రోజునే వెళ్దాంరా. లేకపోతే మానేద్దాం." నా వైపు చూడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చేసిన తప్పేమిటో నాకే తెలియదు. నేర్పినట్టే చేశాను కదా. మావారిని అడిగితే, "పి పడ్డాక కొంచెం జరగడం మామూలే. అమ్మ తొందరపడి దిగింది" అన్నారు. ఆ మాట సగం నిజం, అదే దాంతో చిక్కు.

ఆ ఆదివారం మా నాన్న చోడవరం నుంచి వియ్యపురాలిని పలకరించడానికి వచ్చారు. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆ సర్వీసులో సగం పాడేరు ఘాట్ మీదే గడిచింది. చిన్నప్పుడు సెలవుల్లో నేను ఆయన బస్సులో ఇంజన్ పక్కన సీట్లో కూర్చుని వెళ్ళేదాన్ని. ఘాట్ మీద బస్సు ఆగాల్సి వస్తే నాన్న చేసే పనులు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టు గుర్తు. హ్యాండ్ బ్రేకు లాగడం, ఇంజన్ ఆపి గేర్లో వదలడం, "రాయి పెట్టు" అని కండక్టరుకి కేకెయ్యడం. రాయి టైరు కింద పడిందని కేక తిరిగొచ్చేదాకా ఫుట్ బ్రేకు మీంచి కాలు తీసేవారు కాదు. బయల్దేరాక ఆ రాయి తీసి పక్కన పడేశారో లేదో అద్దంలో చూసుకునేవారు. వదిలేస్తే రాత్రి బండి మీద వచ్చేవాడు దాని మీదెక్కి పడతాడని.

జరిగింది చెప్పాను. నాన్న ఎప్పుడూ ఆటోమేటిక్ నడపలేదు. కార్లో కూర్చుని, గేరు రాడ్డు చూసి, ఒకే ప్రశ్న వేశారు. "పి లో పెడితే లోపల ఏం పట్టుకుంటుందమ్మా?"

నాకు తెలియదు. మావారి వైపు చూశాను. ఆయన పేపరు తిరగేశారు.

నాన్న ఊరుకునే రకం కాదు. గాజువాక ఆటోనగర్‌లో ఆయనకి తెలిసినబ్బాయి షెడ్డు ఉంది. మర్నాడే నన్ను తీసుకెళ్ళారు. మా అదృష్టం కొద్దీ అక్కడ ఒక ఆటోమేటిక్ గేర్ బాక్సు విప్పి పెట్టి ఉంది. ఆ అబ్బాయి గుడ్డతో నూనె తుడిచి చూపించాడు. లోపల అంచు చుట్టూ పళ్ళున్న ఒక చక్రం. దాని పక్కన వేలెడంత ఇనుప ముక్క, కొసన ఒక పన్ను. పి లో పెట్టగానే ఆ ముక్క వెళ్ళి చక్రం పళ్ళ సందులో కూర్చుంటుంది. చక్రం తిరగదు, కారు కదలదు. అంతే. పి అంటే బ్రేకు కాదన్నమాట, గొళ్ళెం.

ఒక్కోసారి ఆ ముక్క సరిగ్గా సందులో కాక పంటి మీద ఆగుతుంది. అప్పుడు కారు కాస్త జరిగితే గానీ సందు దొరకదు. అందుకే ఆ జానెడు జరగడం. ఏటవాలు మీద హ్యాండ్ బ్రేకు లేకుండా కాలు తీసేస్తే కారు మొత్తం బరువు వచ్చి ఆ వేలెడు ముక్క మీద కూర్చుంటుంది. మళ్ళీ బయల్దేరేటప్పుడు పి లోంచి లాగితే, అంత బరువు కింద నలుగుతున్న ముక్కని బలవంతంగా ఊడబెరుకుతున్నామన్నమాట. మా ఇంటి గేటు దగ్గర నేను రోజూ వింటున్న "ఠక్" అదే. మా పోర్టికో వీధికన్నా ఎత్తు. అక్కడ పెట్టిన ప్రతిసారీ కారు ఆ ముక్కకే వేలాడుతోంది.

నాన్న దాన్ని చాలాసేపు చేత్తో కదిపి చూశారు. "గొళ్ళెం పెట్టిన తలుపుకి రాత్రంతా దున్నపోతుని ఆనించినట్టుంది. గొళ్ళెం మంచిదే. కానీ బరువు దాని మీద పెట్టకూడదు" అన్నారు.

అక్కడే షెడ్డు ముందున్న చిన్న ఏటవాలు మీద ఆ అబ్బాయి నా చేత పదిసార్లు చేయించాడు. వరస చెబుతాను. పోపులో ఆవాల కన్నా ముందు కరివేపాకు వేస్తే ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా, ఇక్కడా అంతే, అన్నీ వేసినా వరస తప్పితే కుదరదు.

ఫుట్ బ్రేకు తొక్కి కారు పూర్తిగా ఆపాలి. కాలు తియ్యకుండానే గేరు 'ఎన్' లోకి తేవాలి. హ్యాండ్ బ్రేకు గట్టిగా పైకి లాగాలి. ఇప్పుడు ఫుట్ బ్రేకు మీంచి కాలు మెల్లగా, పూర్తిగా ఎత్తకుండా, వదలాలి. కారు కొద్దిగా ఒరిగి హ్యాండ్ బ్రేకు మీద కూర్చుంటుంది. బరువు దిగాల్సిన చోట దిగిందన్నమాట. మళ్ళీ ఫుట్ బ్రేకు తొక్కి, అప్పుడు 'పి' లో పెట్టి, ఇంజన్ ఆపాలి. చదవడానికి ఇంతుంది గానీ, చెయ్యడానికి నాలుగైదు క్షణాలు. కాలు వదిలినప్పుడు కారు ఆగకుండా జారుతోందంటే హ్యాండ్ బ్రేకు తీగ వదులైందని కూడా అక్కడే తెలిసిపోతుంది. మెకానిక్ దగ్గర బిగించుకోవాలి.

బయల్దేరేటప్పుడు దీనికి తలకిందులు. ఫుట్ బ్రేకు తొక్కి, స్టార్ట్ చేసి, ముందు పి లోంచి డి లోకో ఆర్ లోకో తీసి, ఆ తర్వాతే హ్యాండ్ బ్రేకు దించాలి. ముందే హ్యాండ్ బ్రేకు దించేస్తే, ఫుట్ బ్రేకు మీద కాలు ఏమాత్రం వదులైనా బరువంతా మళ్ళీ ఆ గొళ్ళెం మీదకే పోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాడు. మా కారుకి ఇంజన్ శక్తి ముందు చక్రాలకి వెళుతుంది. కాబట్టి పి పట్టుకునేది ముందు చక్రాలని. హ్యాండ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలని. రెండూ వేస్తే నాలుగూ కదలవు. ఒకటి వదిలేసినా ఇంకోటి ఉంటుంది. నాన్న రాయి లెక్క ఇక్కడా ఉందని నవ్వుకున్నాను.

మన దగ్గర చాలామంది వాడే చిన్న ఆటోమేటిక్ కార్లలో ఇంకో తిరకాసు ఉంది. ఏఎంటీ అంటారే, వాటిలో చాలావాటికి అసలు పి అనేదే ఉండదు. ఆర్, ఎన్, డి మాత్రమే. అవి నిజానికి గేర్ల బళ్ళే, క్లచ్ పని మాత్రం మిషన్ చేస్తుంది. వాటిని ఎన్ లో వదిలేసి దిగితే పట్టుకునేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. కాబట్టి హ్యాండ్ బ్రేకు లాగి, గేర్లో ఉంచి ఇంజన్ ఆపాలి. మా ఆడపడుచు కారు అలాంటిదే. ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. "మాకు పి ఎందుకు లేదో నాకిప్పుడు తెలిసింది వదినా" అంది.

ఇదంతా చాదస్తం అనుకుంటారేమో. బాబుకి చెబితే వాడొక సంగతి గుర్తు చేశాడు. స్టార్ ట్రెక్ సినిమాల్లో చేసిన ఆంటన్ యెల్చిన్ అనే నటుడు 2016 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో తన ఇంటి ముందే చనిపోయాడు. ఏటవాలు దారిలో ఆపి దిగిన తన కారే వెనక్కి జారి, గేటు స్తంభానికి అదిమేసింది. ఇరవై ఏడేళ్ళు. ఆ రకం కార్లలో గేరు పి లో పడిందో లేదో తెలియక జనం దిగిపోతున్నారని అప్పటికే కంపెనీ వాటిని వెనక్కి పిలుస్తోందట. ఆ అబ్బాయికి తల్లీ తండ్రీ ఉన్నారు. అది విన్నాక నేను గేటు తియ్యడానికి రోజూ ఎక్కడ నిలబడుతున్నానో తలుచుకున్నాను. ఏటవాలులో, కారు వెనక.

హ్యాండ్ బ్రేకు అలవాటు చేసుకోవడంలో తిప్పలు పడలేదని కాదు. మొదటి వారంలోనే ఒకసారి దించడం మర్చిపోయి కూరగాయలకి బయల్దేరాను. పూర్తిగా లాగి ఉంటే బండి కదలనంటుంది గానీ, ఆ రోజు సగమే లాగినట్టున్నాను. బండి బరువుగా నడుస్తోందనుకున్నాను. రైతు బజారు దగ్గర దిగితే వెనక చక్రం దగ్గర మాడు వాసన. కాసేపు అక్కడే నిలబడి చల్లారనిచ్చాను. మీటర్ల దగ్గర గుండ్రం మధ్యలో ఆశ్చర్యార్థకంతో ఒక ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, నేనే చూసుకోలేదు. ఇప్పుడు ఆ దీపం ఆరితేనే కాలు కదుపుతాను. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించినా అది ఆరకపోతే మాత్రం బండి తియ్యకండి. చాలా కార్లలో బ్రేకు ఆయిలు తగ్గినా అదే దీపం వెలుగుతుంది.

సంక్రాంతికి ఊరెళ్ళి పది పన్నెండు రోజులు కారు వదిలేసేటప్పుడు సంగతి వేరు. తడి మీద హ్యాండ్ బ్రేకు లాగి అన్నాళ్ళు ఉంచితే లోపల పట్టేసి, వచ్చాక చక్రం తిరగనంటుందట. అప్పుడు చదునైన చోట పెట్టి, పి లో వదిలి, చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెడితే చాలు. బయల్దేరే ముందు ఇటుకలు తియ్యడం మర్చిపోకండి. అదీ చేశాను లెండి.

ఇక అత్తయ్యగారు. ఆవిడకి గేర్ బాక్సులు చెబితే వినరు. "నేను నేర్చుకొచ్చాను అత్తయ్యా" అంటే నమ్మడానికి ఏముంది? ఈలోగా మావారు ఎన్ని సెలవులు పెట్టగలరు? నాలుగు వారాల్లో వెళ్ళింది నాలుగైదు సార్లే. పట్టు తప్పిన కాలు మళ్ళీ బిగుసుకుంటోంది. మంచం దిగేటప్పుడు ఆవిడ పళ్ళు బిగపట్టడం నేను చూస్తూనే ఉన్నాను. నా వల్ల ఆవిడ నడక ఆగిపోతే ఆ పాపం నన్ను జీవితాంతం వదలదనిపించింది.

ఒక మధ్యాహ్నం ఆవిడని పోర్టికోలోకి తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టాను, కారుకి దూరంగా, పక్కగా. "మీరేం ఎక్కొద్దు. చూడండి చాలు" అన్నాను. కారు ఏటవాలు మీద ఆపి, మొదట పాత పద్ధతిలో చేశాను. కారు జరిగి ఠక్కుమంది. ఆవిడ ఉలిక్కిపడ్డారు. తర్వాత కొత్త వరసలో చేశాను. హ్యాండ్ బ్రేకు లాగుతుంటే కరకరమని చప్పుడొచ్చింది. కాలు తీసి, దిగి, తలుపు వేసి, ఆవిడ పక్కన నిలబడ్డాను. కారు అంగుళం కదల్లేదు.

చాలాసేపు చూశారు. "ఆ కరకర ఏంటి?" అన్నారు.

"అదే బ్రేకు అత్తయ్యా. ఆ చప్పుడు విన్నాక, నేను దిగి మీ వైపుకొచ్చి తలుపు తీస్తాను. అప్పటిదాకా మీరు తలుపు ముట్టుకోవద్దు."

"ఆ రోజు అది వినబడలేదు" అన్నారు. అవును, వినబడలేదు. తప్పు నాదేనని మొదటిసారి ఆవిడ ముందు ఒప్పుకున్నాను. ఆవిడేమీ అనలేదు. మర్నాడు రెండున్నరకి మాత్రం నా గది గుమ్మం దగ్గర వాకర్ చప్పుడైంది. చీర మార్చుకుని, జడ వేసుకుని నిలబడి ఉన్నారు. "మూడింటికే కదా?" అన్నారు.

హ్యాండ్ బ్రేకు బొత్తాం నొక్కి లాగితే చప్పుడు రాదు, లోపలి పళ్ళు అరగవు అంటారు కొందరు. నిజమే కావచ్చు. నేను మాత్రం నొక్కకుండానే లాగుతాను. కరకర ఆవిడ కోసం. అది వినబడగానే బెల్టు తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను వచ్చేదాకా ఎదురు చూస్తారు.

మొన్న ఆదివారం అందరం కలిసి సింహాచలం వెళ్ళాం. నడిపింది మావారు. కొండ మీద బండి ఆపి, పి లో పెట్టి, తాళం తీసి, తలుపు తియ్యబోయారు. వెనక సీట్లోంచి అత్తయ్యగారి గొంతు వినబడింది.

"ఒరే, కరకర ఏదీ? అది వినబడేదాకా నేను దిగను."

మావారు నా వైపు చూశారు. నేను కిటికీలోంచి కొండ వైపు చూశాను. ఆయన మెల్లగా కూర్చుని, మళ్ళీ బ్రేకు తొక్కి, మొదట్నుంచీ మొదలుపెట్టారు. వరస ఎక్కడా తప్పలేదు. అంటే ఇన్నాళ్ళూ పక్కనుంచి గమనిస్తూనే ఉన్నారన్నమాట.

ఇప్పుడు మా గేటు దగ్గర ఠక్ లేదు. గేటు తియ్యడానికి మాత్రం నేను పక్కకే నిలబడుతున్నాను.